చెవి మాస్టారి జలపాతం

బట్టల కర్మాగారంలో నన్ను అందరూ చెవి మాస్టారు అంటారు. కుట్టు మిషన్లు బాగుచేయడం నా పని. నలభై మిషన్లు ఒకేసారి నడుస్తున్న హాల్లో తలుపు దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, "మూడో వరస, ఐదోది. షటిల్ అరిగింది" అని చెప్పేవాణ్ణి. విప్పి చూస్తే అరిగే ఉండేది. కుట్టే అమ్మాయిలు పని ఆపి నోళ్ళు తెరుచుకుని చూసేవారు. ముప్పై ఏళ్ళు ఆ ఒక్క విద్య మీదే బతికాను. దాన్ని చూసుకునే మీసం మెలేశాను కూడా.

రెండేళ్ళుగా ఆ చెవులు పనిచేయడం లేదు.

ఒక్కసారిగా పోలేదు. ముందు గోడ గడియారం పోయింది, తర్వాత తలుపు గంట, ఆ తర్వాత మా ఆవిడ. వాటి బదులు ఒక హోరు వచ్చి చేరింది. పగలూ రాత్రీ ఆగదు. డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు కదా అంటారేమో మీరు. చెవి మాస్టారు వెళ్ళి చెవుల డాక్టరు గుమ్మం ముందు కూర్చుంటే ఇంకేమైనా ఉందా? అందుకని నటన మొదలుపెట్టాను. మిషను బల్ల మీద అరచెయ్యి ఆనిస్తే దాని వణుకు తెలుస్తుంది. అసలు పని చెయ్యి చేస్తుంటే, నేను మెడ పక్కకి వాల్చి చెవి ముందుకు పెట్టి ఫోజు కొట్టేవాణ్ణి. పదింటిలో ఆరు సరిగ్గా చెప్పేవాణ్ణి. మిగతా నాలుగింటికి దారాన్నో నూనెనో తిట్టేవాణ్ణి.

ఇంట్లో ఆ కిటుకు పనికిరాదు. మా ఆవిడ మాట్లాడుతుంటే ఏ బల్ల మీద చెయ్యి పెట్టను? అక్కడ మూడు జవాబులతో నెట్టుకొచ్చాను. ఊఁ, సరే, నీ ఇష్టం. ఈ మూడింటితో ఎంతమంది మొగుళ్ళు నిక్షేపంగా కాపురం చేయడం లేదు అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

మా ఆవిడది పోస్టాఫీసు కౌంటరులో ఉద్యోగం. రెండు నెలల్లో రిటైరవుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చి, సంచీ మేకుకి తగిలించి, చెప్పులైనా విప్పకుండా ఆ రోజు కౌంటరు దగ్గర జరిగిందంతా చెప్పడం ఆమె అలవాటు. ఎవరు పార్సిల్ ఎలా కట్టుకొచ్చారు, ఎవరు ఎవరితో గొడవపడ్డారు, అన్నీ. ఈ రెండేళ్ళలో ఆ మాటలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయట. నాకు తెలియనే లేదు. ఆమె మాట్లాడటం మానేసిందో, నాకు వినపడటం మానేసిందో తేడా తెలియని ఘనుణ్ణి నేను.

మా వైపు మంచు కురిసే చలికాలంలో ఒక ఉదయం ఆమె నా ఎదురుగా కూర్చుని, "జలపాతం చూసొద్దామా?" అంది. ఎదురుగా ఉంటే పెదాలను బట్టి కొంత అర్థమవుతుంది. "ఎవరూ వెళ్ళరట. దారిలో బోర్డు కూడా ఉండదట. పార్సిల్ వేయడానికి వచ్చినావిడ చెప్పింది."

ఆమె మాట పూర్తికాకముందే ఒప్పుకున్నాను. ఎందుకో తెలుసా? జలపాతం దగ్గర అందరూ చెవిటివాళ్ళే. అందరూ అరుచుకుంటారు, చేతులూపుకుంటారు. ఒక్క పూటైనా లోకంతో సమానంగా ఉండవచ్చని నా ఆశ.

ఆమె రమ్మనడానికి కారణం వేరు. ఆ కారణం మీకు ఇప్పుడే చెప్పేస్తాను, నాలాగా మీరు కూడా ఏమీ తెలియకుండా కొండ ఎక్కడం దేనికి? మా ఆవిడ చెల్లెలు రైల్లో మూడు గంటల దూరంలో మొక్కల నర్సరీ పెట్టుకుంది. ఒక గది ఖాళీగా ఉంది, వచ్చేయమంటోంది. రిటైరయ్యాక మా ఆవిడ అక్కడికి వెళ్ళిపోవాలనుకుంటోంది. చుట్టపుచూపుగా కాదు, ఉండిపోవడానికే. ఆ మాట ఇంట్లో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

బస్సు దిగాక దారి సన్నటిది. ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. కొండలంటే నాకు కొట్టిన పిండి అన్నట్టు నేనే ముందు నడిచాను. కొత్త బూట్లు, చేతికర్ర, చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ. వీపు మీది సంచీలో స్క్రూడ్రైవరు కూడా పెట్టుకున్నాను. కొండ మీద ఎవరి కుట్టు మిషనైనా ఆగిపోతుందని కాబోలు. అసలు వెనక మనిషి ఉంటే పెదాలు కనిపించవన్న సంగతే నా బుర్రకి తట్టలేదు. వెనక నుంచి ఏదో గొణుగుడులా తగిలినప్పుడల్లా ఒక జవాబు పడేసేవాణ్ణి. ఆమె అన్నవి ఇవి. నేను తర్వాత తెలుసుకున్నాను.

"మీతో ఒక మాట చెప్పాలి."

"ఊఁ."

"నేను చెల్లి దగ్గరికి వెళ్ళి ఉందామనుకుంటున్నాను."

"సరే."

"నేనొక్కదాన్నే. మీరు ఇక్కడే ఉంటారు."

"నీ ఇష్టం."

మంచు మీద గబగబా నాలుగడుగులు వేసి నా వెనక ఇంకాస్త దగ్గరికి వచ్చిందట. తర్వాత ఆమె, "ఇరవై తొమ్మిదేళ్ళు కలిసి ఉన్నాం. మీకేమీ అనిపించట్లేదా?" అంది. సరిగ్గా అప్పుడు చెట్ల మధ్య నుంచి కింద లోయ కనిపించింది. నేను కర్రతో అటు చూపిస్తూ, "బాగుంది! చాలా బాగుంది! ఎప్పుడో చేయాల్సిన పని!" అన్నాను.

 ఏ పెట్టె తీసుకెళ్ళాలో, అందులో ఏ చీరలు సర్దాలో ఆమె అక్కడే నిర్ణయించుకుందట. నేనేమో హుషారుగా ఈల వేసుకుంటూ నడిచాను. ఆ ఈల కూడా నాకు వినపడలేదనుకోండి.

ఒక మలుపు దగ్గర ఆగి, చెయ్యి చెవికి ఆనించి, వెనక్కి తిరిగాను. "విన్నావా? హోరు! ఇంకో రెండు మలుపులే. చప్పుడును బట్టి చెబుతున్నా, ముప్పై అడుగులకి తక్కువ ఉండదు." ఆమె నా వైపు వింతగా చూసింది. చలికి మొహం అలా అయిందేమో అనుకున్నాను. నిజంగా నాకు హోరు వినిపించింది. ఒట్టు.

రెండో మలుపు తిరిగాం. జలపాతం గడ్డకట్టి ఉంది.

పైనుంచి కింది దాకా ఒక్క చుక్క కదలడం లేదు. ఉతికి ఆరేసిన దుప్పటి చలికి బిగుసుకుపోయినట్టు రాతి మీద తెల్లగా నిలబడిపోయింది. కింద మడుగు కూడా గట్టిపడిపోయింది. అంత నిశ్శబ్దంలో తన ఊపిరి తనకే వినిపించిందని మా ఆవిడ తర్వాత చెప్పింది. నా చెవుల్లో మాత్రం నీళ్ళు దూకుతూనే ఉన్నాయి.

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "ఏ హోరు విన్నారు?"

పెదాలు స్పష్టంగా కనిపించాయి. అయినా అలవాటు కదా, "ఊఁ" అన్నాను.

ఆమె నా వెనక్కి వెళ్ళింది. నేను మంచునే చూస్తూ నిలబడ్డాను. ఎంతకీ ముందుకు రాకపోతే తిరిగి చూశాను. మూడడుగుల దూరంలో ఉంది. మూడుసార్లు పిలిచిందట, మూడోసారి గొంతు చించుకుని. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఎప్పట్నుంచి?" అంది, ఒక్కో అక్షరం విడదీసి.

"రెండేళ్ళు" అన్నాను. ఆ రెండేళ్ళలో ఆమెకి నేను చెప్పిన మొదటి నిజమైన జవాబు అదే.

ఇంక చూడండి. "రెండేళ్ళు నేనేం తప్పు చేశానా అని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. నా మొహం చూడటం కూడా ఇష్టం లేదేమో అనుకున్నాను. వినపడట్లేదని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయేది?"

"పరువు" అన్నాను.

"కర్మాగారంలో పరువు సరే. ఇంట్లో నా దగ్గర కూడానా?"

నేను టోపీని చెవుల మీదికి ఇంకాస్త లాక్కున్నాను.

"ఇందాక దారిలో నేనేం చెప్పానో చెప్పండి."

కాస్త ఆలోచించి, "చలి గురించా?" అన్నాను. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కు కారింది. నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి, టోపీ పైకి లాగి, ఎడమ చెవికి నోరు ఆనించి మొత్తం మళ్ళీ చెప్పింది. ఆ చెవిలో ఇంకా కాస్త ప్రాణం ఉంది. చెల్లెలు, గది, పెట్టె, అన్నీ వినిపించాయి. మధ్యమధ్యలో నేనేమన్నానో కూడా చెప్పింది. ఎప్పుడో చేయాల్సిన పని అన్నానట.

  పోస్టాఫీసు సంచీ లేని మేకు కళ్ళ ముందు కనిపించింది. నా మూడు జవాబులూ వెతికి చూసుకున్నాను, ఒక్కటీ పనికిరాదు.

"వెళ్ళకు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు గానీ చెట్టు మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. "నువ్వు లేకపోతే నేను ఉండలేను. వెళ్ళకు."

ఆమె శాలువా కొసతో ముక్కు తుడుచుకుంది. నా మొహాన్ని రెండు చేతులతో తన వైపు తిప్పుకుని, నెమ్మదిగా చెప్పింది. "నా జవాబు ఇప్పుడు చెప్పను. ముందు డాక్టరు దగ్గరికి పదండి. చెవికి మిషను పెడతారో ఏం చేస్తారో చేయనివ్వండి. అప్పుడు ఇదే మాట మళ్ళీ అడగండి. నేనేం చెప్తానో మీ చెవులతో మీరు వినాలి."

"కర్మాగారంలో తెలిస్తే?"

"నేనే వెళ్ళి చెప్తాను. ఇంకా మాట్లాడితే మా కౌంటరు అద్దానికి నోటీసు అంటిస్తాను."

దిగేటప్పుడు ఆమె ముందు నడిచింది. ఏదైనా చెప్పాలనిపించినప్పుడల్లా ఆగి, పూర్తిగా వెనక్కి తిరిగి, నా మొహంలోకి చూస్తూ చెప్పేది. నాకు అర్థమైందని తల ఊపితేనే మళ్ళీ కదిలేది. మొదట్లో అన్నీ తిట్లే. తర్వాత కౌంటరు సంగతులు మొదలయ్యాయి. ఈ రెండేళ్ళలో నాకు చెప్పి, నేను వినలేదని తేలినవి, చెప్పకుండా మింగేసినవి, వరసగా, మొదటి నుంచి. ఎక్కడానికి గంటన్నర పట్టిన దారి దిగడానికి మూడు గంటలు పట్టింది. కింద బస్సు కనిపించేసరికి ఆమె ఇంకా పోయిన ఏడాది వేసవి దగ్గరే ఉంది.