మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దట

ఈరోజు ఆడపడుచు సీమంతానికి గాజులు కొనాలని ఆమె, నేను, అత్తమ్మ లాడ్ బజార్ వెళ్లాం. ఆడపడుచుకు ఏడో నెల. నాకు మొదటి నెల. నా సంగతి మా ఆయనకు, అత్తమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మూడో నెల రాకముందే బయటపెడితే దిష్టి తగులుతుందని అత్తమ్మ గట్టిగా చెప్పింది.

దుకాణంలో ఉన్న ఒక్క స్టూలు ఆడపడుచుకు వేశారు. నేను సంచులు పట్టుకుని నిలబడ్డాను. వాంతుల గురించి అందరూ చెప్పారు గానీ, మొదటి నెలలోనే నిలబడి నిద్రపోయేంత అలసట ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పక్కన గాజుల కోసం లక్క కరిగిస్తున్న వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"అత్తమ్మా, జరసేపు మెట్ల మీద కూసుంట," అన్నాను మెల్లగా.

"వద్దు బిడ్డా, నీ ఆడపడుచుకు ఎర్కైతది. జర ఓర్సుకో," అంది.

ఓర్చుకున్నాను. సాయంత్రం ఆటో దిగేసరికి పక్కింటి ఆంటీ గిన్నెతో ఎదురొచ్చింది.

"చింతకాయ తొక్కు తెచ్చిన బిడ్డా, నోటికి మంచిగుంటది. మీ అత్తమ్మ మొన్ననే చెప్పింది. నేనైతే ఎవ్వరికి చెప్పలే."

అత్తమ్మ తాళంచెవి కోసమని సంచిలో తల దూర్చేసింది. ఆడపడుచు నన్నే చూస్తూ, "మరి స్టూల్ మీద నువ్వు కూసోకపోతివా వదినా," అంది.

గిన్నె తీసుకుని లోపలికొచ్చి పడుకున్నాను. దాచింది నేనొక్కదాన్నేనని తెలిశాక మీకు మాత్రం దాచడమెందుకు? ఇంతకీ మీ ఇళ్లలో ఈ రహస్యం ఎంతసేపు ఆగింది?