ఊడలు దిగే వేళ కలుపు మందు

నా చిన్నప్పుడు శుక్రవారం వస్తే చాలు, అరబ్బు దేశంలో, ఫహాహీల్లోని మా ఇంట్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. మా నాయన వ్యానులో అందరం కబ్ద్ పోయేవాళ్లం. అక్కడి తోటలో మా చిన్నమామ పని. ఆ ఏడు ఆయన ఆ ఇసుక నేలలో శనక్కాయ వేసినాడు. పంట పండించి చూపిస్తే, రాయచోటిలో ఉన్న మా అత్తకు వీసా తీయిస్తానని కఫీల్, అంటే ఆయనకు వీసా ఇచ్చిన తోట యజమాని, మాటిచ్చినాడు. పెండ్లయిన నెలకే విమానం ఎక్కినవాడు మామ. అత్త వస్తుందంటే నా సంబరం ఇంతా అంతా కాదు.

గడ్డి మాత్రం మా మాట వినలేదు. విత్తిన వెంటనే కొట్టాల్సిన కలుపు మందు అల్ రాయ్ అంగడి నుంచి చేరేసరికి చెట్లు పూతకొచ్చి, మన్నులోకి దిగి కాయలయ్యే ఊడలు కూడా వేస్తున్నాయి. అయినా డబ్బా చూడగానే మామకు పట్టపగ్గాల్లేవు. పంపు వీపుకు తగిలించుకుని బయల్దేరినాడు. శనక్కాయ చేలల్లోనే పెరిగిన మా అమ్మ ఆ పంపు పట్టీ పట్టుకుని ఆపేసింది.

"మొలక రాకముందు కొట్టే మందురా ఇది. లేచిన గడ్డి దీనికి చావదు. ఊడలు మన్నులోకి దిగుతాండాయి, దెబ్బ వాటికే."

"చేతులు కట్టుకుని కూచోమంటావా అక్కా? కఫీల్‌కు గడ్డి చూపించాల్నా?"

మామ జగమొండి. నీ ముచ్చట తీర్చుకో అని, చివరికి ఒక్క సాలుకు అమ్మ ఒప్పుకుంది. మిగతా చోట గడ్డి పీకనియ్యను కూడా లేదు. పీకితే మన్ను కదిలి ఊడలు తెగిపోతాయట. మా ఊళ్ల పక్క ఊడలు దిగినాక చేలో కలుపు తీసే గుంటక తోలరు. ఇంట్లో ఉన్న కత్తెరలన్నీ తెచ్చి, గొంతుక్కూర్చుని గడ్డిని మొదట్లో కత్తిరించినాం. చేనుకు క్షవరం చేస్తున్నారని పక్క తోటవాళ్లు ఒకటే నవ్వు. నాకైతే పండగే.

చెట్లు పీకే రోజు కఫీల్ వచ్చి, తానే వంగి ఒక చెట్టు లాగినాడు. మా ఖర్మకొద్దీ అది మందు కొట్టిన సాలు. ఒకటీ అరా, గింజ లేని లొట్ట కాయలు. మామ ముఖాన కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు. అమ్మ పక్క సాలు చూపించింది. ఆయన లాగినాడు, గుత్తులు గుత్తులుగా కాయలు! నేను ఎగిరి గంతేసినాను. కఫీల్ ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, "యల్లా, కానీ, నీ పెండ్లాం పాస్‌పోర్టు తెప్పించు" అన్నాడు అరబ్బీలో. మామ అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చేసినాడు.

మంచి మందుకైనా అదను ఉంటుందని ఆ పూట నాకు తెలిసింది. ఏండ్ల తర్వాత నా పెద్దకొడుకు పరీక్ష తప్పి ఇంటికొచ్చిన రోజు, చెప్పాల్సిన బుద్ధులన్నీ నా నాలుక చివరే ఉన్నాయి. ఇప్పుడు కాదులే అనుకుని అన్నం పెట్టి ఊరుకున్నాను. ఆ మాటలు ఇంతవరకూ చెప్పనే లేదు, చెప్పే అవసరం రానివ్వలేదు వాడు.