ఎడమ చెయ్యి వాయించని పాట

నేవన్ అనే ఐరిష్ ఊళ్ళో మా పక్కింటి పెద్దాయన ఆర్గన్ అనే పెద్ద గొట్టాల వాద్యం వాయించేవారు. ఒకప్పుడు యూరప్‌లోని పెద్ద పెద్ద చర్చిల్లో కచేరీలు చేసిన మనిషి. మేము ఆ ఇంటికి మారేసరికే పక్షవాతంతో ఆయన ఎడమ చెయ్యి పడిపోయి ఏడాది దాటింది. నేను డాక్టర్నని తెలిసి, మొదటి పరిచయంలోనే అడిగారు.

"ఈ చెయ్యి మళ్ళీ వస్తుందా?"

"ఏడాది దాటిపోయింది కదండీ, కష్టం."

"గ్రాండ్" అన్నారు. ఇక్కడివాళ్ళు బాగున్నా బాగులేకున్నా అదే మాట అంటారు.

ఆ చలికాలం శనివారాల్లో ఆయన్ని చర్చికి తీసుకెళ్ళేదాన్ని. మా ఆయన విసుక్కునేవాడు.

"వారమంతా డ్యూటీలు చేసి మళ్ళీ ఈ వానలో పోవడమెందుకు?"

"నేను పోకపోతే ఆర్గన్ ఉన్న పై అరుగుకి ఒక్కరే ఆ ఇరుకు మెట్లెక్కుతారు. పడితే ఎవరు చూస్తారు?"

పెద్దాయన కుడి చేత్తో పై మెట్లూ, రెండు కాళ్ళతో కింది పెడళ్ళూ నొక్కుతూ వాయించేవారు. తల ఊపినప్పుడు పక్కనున్న చెక్క గుబ్బలు లాగడం నా పని. ఒక్కో గుబ్బకు నాదం ఒక్కో రకంగా మారేది. ఆయన మాత్రం ఎప్పుడూ రెండు మూడింటితోనే, మెత్తగా, నిదానంగా వాయించేవారు. ఒక స్వరం పూర్తిగా చల్లారాకే ఇంకోటి.

"గోడలు కూడా వాయిస్తాయమ్మా. వాటి వంతు అయ్యేదాకా ఆగాలి. ఆగినందుకే పత్రికలవాళ్ళు నన్ను మందకొడి అన్నారు" అన్నారొకసారి.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఒక పాట మొత్తం వాయించారు. కింద కాళ్ళ గంభీరం, పైన కుడిచేతి రాగం. నడుమ, ఎడమచెయ్యి వాయించాల్సిన చోట, ఏమీ లేదు. చలికి ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి.

"నడుమది వినిపించిందా?"

"లేదండీ."

"నాకు వినిపిస్తూనే ఉంది. అదే భరించలేను."

ఆర్గన్ మూత వేసేశారు. లాగిన గుబ్బల్ని నేను వెనక్కి నెట్టేశాను. ఆ తరవాత ఆయన చర్చి ఊసే ఎత్తలేదు.

వేసవిలో ఆయన్ని వృద్ధాశ్రమంలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్ళిన రోజున, సంతోషిస్తారని అక్కడి నర్సు ఆయన పాత రికార్డు పెట్టింది. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"బాగా వాయించాడు" అన్నారు, ఎవరి గురించో చెబుతున్నట్టు. గోడవైపు తిరిగి పడుకున్నారు.

నెల తిరక్కుండానే పోయారు. ఆ వారం నాకు సెలవు దొరకలేదు. అంత్యక్రియలకు వెళ్ళొచ్చిన ఎదురింటావిడ చెప్పింది, వానకు జనం పలచగా వచ్చారని.