గోడ పక్కకు జరిపిన మంచం

నేను మరిచిపోయే రకం కాదు. పదిమందిలో నన్నన్న మాట నాకు తిన్న అన్నం కన్నా ఎక్కువగా ఒంటికి పడుతుంది. మిర్యాలగూడలో మా ఇంటి ఓనరు, రైస్ మిల్లు నడిపే సేటు, నాకు ‘పైలట్’ అని పేరు పెట్టిన సంగతి అట్లాగే ఒంటబట్టింది.

నేను వాడపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేస్తాను. పొద్దున కంపెనీ బస్సు దిగి, ఇంత తిని పడుకుంటాను. నా భార్య టీచరు. నేను వచ్చేసరికే ఆమె మాడుగులపల్లి బడికి వెళ్లిపోతుంది. సాయంత్రం దాకా ఇంట్లో నేనొక్కడినే. మేముండేది సేటు ఇంటి వెనక పోర్షన్. మా పడకగదికీ ఆయన పడకగదికీ మధ్య ఒకటే సన్నపాటి ఇటుక గోడ. ఆయన మధ్యాహ్నం మిల్లు నుంచి వచ్చి, భోంచేసి, చాలాసేపు కునుకు తీస్తాడు. పట్టపగలు పడుకునేవాళ్లం ఆ వాడకట్టులో మేమిద్దరమే.

నా గురక పెళ్లయిన కొత్తలోనే చుట్టాల్లో పేరు తెచ్చుకుంది. గురక మధ్యలో ఆగిపోయి, దాంతోపాటు ఊపిరి కూడా ఆగడం నా భార్య ఒక ఆదివారం చూసింది. మర్నాడే సూర్యాపేటకు లాక్కెళ్లింది. అక్కడ ఒళ్లంతా వైర్లు అంటించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు.

“నిద్రల మీ గొంతు మూసుకపోతున్నది,” అన్నది డాక్టరమ్మ. “ఊపిరి ఆగంగనే మెదడు ఉలిక్కిపడి లేపుతది. ఒక్కోసారి అది గూడ ఆలస్యం చేస్తది. గుండె ఎన్ని రోజులు ఓర్సుకుంటది?”

టిఫిన్ డబ్బా అంత మిషన్ ఇచ్చారు. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు మాస్కు. గొంతు మూసుకుపోకుండా అది గాలిని లోపలికి నెడుతూ ఉంటుంది. మొదటిసారి దాన్ని పెట్టుకుని పడుకుని లేచిన రోజు, ఏళ్ల తర్వాత తల తేలికగా అనిపించి, బడిలో ఉన్న నా భార్యకు ఫోన్ చేసి ఏడ్చాను. పాపం, ఏమైందోనని ఆమె హడలిపోయింది.

కానీ మిషన్ కరెంటుతో బతుకుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఒకరోజు లైన్ల రిపేరు, ఒకరోజు చెట్ల కొమ్మలు కొట్టుడు, ఇంకోరోజు ఏ కారణమూ లేకుండానే కరెంటు పోవడం మొదలైంది. మాస్కుతో నిద్రలో ఉండగా కరెంటు పోతే, ఎవరో ముక్కు మీద అరచెయ్యి పెట్టి అదిమినట్టు ఉంటుంది. పీకి పారేసి మళ్లీ పడుకుంటే పాత గురకే, పాత ఆగుడే. తట్టి లేపడానికి ఇంట్లో మనిషి లేదు. కోదాడలో కంప్యూటర్ షాపున్న మా బావమరిది ఒక యూపీఎస్ తెచ్చి, “దీంతో సరిపోద్ది బావా, హాయిగా పడుకో,” అన్నాడు. అది కాసేపు పనిచేసి, కుయ్ కుయ్ మని మొత్తుకుని చచ్చేది.

ఇన్వర్టర్ కొనుక్కుంటానంటే సేటు ఒప్పుకోలేదు. “ఆసిడ్ బ్యాటరీ కిరాయి పోర్షన్ల పెట్టొద్దు. గచ్చు ఖరాబైతది,” అన్నాడు. సరే, ఆయనకే పెద్ద ఇన్వర్టర్ ఉంది కదా అని ఒక ఆదివారం పోయి అడిగాను. అప్పుడు వాడంతా కరెంటు లేదు. ఆయన గదిలో మాత్రం ఫ్యాను తిరుగుతోంది, టీవీ నడుస్తోంది, దేవుడి పటం చుట్టూ రంగు బల్బులు పరుగెత్తుతున్నాయి. వడ్లు తెచ్చిన తుంగతుర్తి రైతులిద్దరు కూర్చుని ఉన్నారు.

“సేటూ, మీ ఇన్వర్టర్ నుంచి నా మంచం కాడికి ఒక్క వైరు గుంజుకుంట,” అన్నాను.

ఆయన రైతుల వైపు తిరిగి నవ్వాడు. “గురకకు గూడ మిషన్ ఏందయ్యా? మా నాయిన గురక పెడితె ఇంటి రేకులు లేసేటియి. తొంభై ఏండ్లు బతికిండు. ఈయనను సూడుండ్రి, మూతికి గొట్టం తగిలించుకొని పైలట్ లెక్క పండుకుంటడు.”

రైతులూ నవ్వారు. “నవ్వులాట కాదు సేటూ, ఊపిరి ఆగుతది,” అన్నాను.

“ఆగితె మల్ల వస్తది తియ్,” అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆ వారం తిరక్కుండానే చాయ్ హోటల్లో “పైలట్ సారుకు ఒక చాయ్” అని కేక వినిపించింది.

ఇల్లు మారొచ్చు కదా అంటారు. మారితే ఆయన గెలిచినట్టు. నేను మంచం జరిపాను. ఆయన గోడకు ఆనించి, తల సరిగ్గా గోడ వైపే పెట్టాను. మిషన్ పెట్టుకుంటే నేను ఉన్నానో లేనో కూడా తెలియదు. కరెంటు పోయిందా, మాస్కు తీసి పక్కన పెట్టి, వెల్లకిలా పడుకుని గురకను ఆయన మీదికి వదిలేవాడిని. ఊరికే పోనివ్వను కదా!

నాలుగు రోజులయ్యాక నల్లా దగ్గర కలిశాడు. కళ్లు వాచి ఉంటాయని ఆశగా చూశాను. మనిషి కళకళలాడుతున్నాడు. “నీ గురక వింటుంటె మిల్లుల పండుకున్నట్టే ఉన్నదయ్యా. మస్తు నిద్ర వస్తున్నది,” అన్నాడు. నేనైతే ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మంచం ఎందుకు జరిగిందో నా భార్య కనిపెట్టేసింది. “అత్త మీద కోపం దుత్త మీద సూపినట్టు, సేటు మీది కోపం మీ పాణం మీద తీసుకుంటున్నరు. గొంతు మూసుకపోతె లేపుతందుకు నేను ఇంట్ల ఉంటనా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె మాట నిజమని నాకు తెలుసు. అయినా మంచం జరపలేదు.

తర్వాత్తర్వాత నిద్రలో గోడ మీద దబదబమని చప్పుడు వినిపించడం మొదలైంది. సేటు తట్టుకోలేకపోతున్నాడని మురిసిపోయాను. ఆయన కళ్లు నిజంగానే ఎర్రబడ్డాయి. మిల్లులో కూర్చున్నచోటే తూలుతున్నాడని ఆయన భార్య మా ఆవిడతో చెప్పింది.

ఒక మధ్యాహ్నం మా తలుపు విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా బాదారు. ఎగశ్వాసతో లేచాను. నోరు పిడచగట్టుకుపోయింది, గుండె ఎక్కడ కొట్టుకుంటోందో తెలియడం లేదు. తలుపు తీస్తే సేటు. లుంగీ, బనీను, మండే ఎండలో ఉత్త కాళ్లు.

“బతికే ఉన్నవా?” అని నా భుజం పట్టుకున్నాడు. “గోడ ఎంత కొట్టినా లేస్తలేవేందయ్యా!”

గడప మీదే కూలబడ్డాడు. నీళ్లిస్తే సగం బనీను మీద పోసుకుని తాగాడు.

“మిల్లు నడిసినంతసేపు నాకు నిద్ర పడుతది. బెల్టు తెగి ఆగిందనుకో, ఎంత నిద్రల ఉన్నా లేసి కూసుంట. పుట్టినకాడికెల్లి గదే అలవాటు. నీ గురక నడిస్తె పండుకుంటున్న. మద్యల ఆగుతది సూడు, గప్పుడు లేస్తున్న. మల్ల మొదలైతదా లేదా అని గోడకు చెవి పెట్టి కూసుంటున్న. ఇయ్యాల ఎంతసేపు సూసినా మొదలు కాలే.”

నిజం చెబుతున్నాను, ముందు నాకు భయం వేయలేదు, సంబరమేసింది. భయం ఆ తర్వాత వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడే అన్నాను:

“ఆగితె మల్ల వస్తది తియ్ సేటూ.”

ఆయన తల దించుకున్నాడు. ఆ దించిన తలను నేను కావలసినంతసేపు చూశాను.

ఆ సాయంత్రమే మిల్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, తన గోడకు తనే బొక్క పెట్టించి, నా మంచం దాకా వైరు గుంజించాడు. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని దేవుడి పటం చుట్టూ ఉన్న బల్బులు కూడా తీయించాడు. తప్పయిందని ఆయన అనలేదు, మేలు చేశావని నేనూ అనలేదు. చాయ్ హోటల్లో నేను ఇప్పటికీ పైలట్‌నే.

ఇప్పుడు కరెంటు పోయినా నా మిషన్ ఆగదు. గురక లేదు, గోడవతలికి చిన్న చప్పుడు కూడా పోదు. ఇదివరకైతే గోడ ఇవతల ఎవరున్నారో ఆయనకు పట్టేది కాదు. ఇప్పుడు చప్పుడు లేకపోతే ఆయనకు మిల్లు ఆగినట్టే. అందుకే ఒక మాట అనుకున్నాం. కరెంటు పోతే ఆయన గోడ కొడతాడు, జవాబుగా నేను రెండు దెబ్బలు కొట్టాలి. “అంతే సాలు, నేను పండుకుంట,” అన్నాడు.

నిన్న కూడా కరెంటు పోయింది. టక్ టక్ మని గోడ మోగింది. నాకు మెలకువ వచ్చింది. చెయ్యి చాపితే గోడ అందుతుంది. చాపలేదు. మళ్లీ కొట్టాడు, ఈసారి గట్టిగా. “ఏమయ్యా!” అని పిలిచాడు. నాకు తుంగతుర్తి రైతుల నవ్వు గుర్తొచ్చింది. మాస్కులోంచి చల్లగా గాలి వస్తూనే ఉంది. అవతల మంచం కిర్రుమంది, చెప్పుల కోసం కాళ్లు నేల మీద తడుముకున్నాయి. ఆయన తలుపు గొళ్లెం తీసిన చప్పుడు వినిపించాక, గోడ మీద రెండు దెబ్బలు కొట్టాను.