గడ్డం ఎత్తకుండా కనపడే చోటు

తాడేపల్లిగూడెంలో మా వ్యానుకి టాబ్ బిగించిన రోజు దాన్ని చూసి నేను చాలా మురిసిపోయాను. డాష్‌బోర్డు పైన, సరిగ్గా మధ్యలో, ముందు అద్దానికి ఆనుకున్నట్టుగా స్టాండు వేసి నిలబెట్టారు. షాపాయన శ్రద్ధగానే చేశాడు. "కళ్ళు రోడ్డు మీద నుంచి పక్కకి పోకూడదు కదండీ, అందుకే ఇంత పైకి పెడతాం. అందరికీ ఇలాగే పెడతామండి" అన్నాడు.

మా ఆయన చెయ్యి చాపి దాని అంచులు తడిమి చూశారు. "పుస్తకమంత ఉందే" అన్నారు. ఆయనకి కనపడదు. నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. వెలుగుందో లేదో తెలుస్తుంది, అంతే.

మాది కొల్లేరు పక్కన ఊరు. మా పని చేపపిల్లని మోయడం. హేచరీలో పిల్లని నీళ్ళతో సహా ప్లాస్టిక్ కవర్లలో పోసి, ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి ఇస్తారు. వాటిని వ్యానులో వేసుకుని రైతు చెరువు దగ్గరికి చేర్చాలి. దారి తప్పినా, ఎండలో ఆగిపోయినా కవర్లో గాలి అయిపోయి పిల్ల వెల్లకిలా తేలుతుంది. మా ఆయన ఇన్నేళ్ళూ ఆ చెరువు గట్ల మీదే బండి నడిపారు. ఏ గట్టు ఎక్కడ మెత్తగా ఉంటుందో, ఏ తూము బండి బరువు మోస్తుందో ఆయనకి తెలుసు. కళ్ళు పోయాక వ్యాను ఇంటి ముందు నిలబడిపోయింది. దాని కింద కోళ్ళు పడుకునేవి.

అప్పుడు నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అక్షరాలు అంతకు కాస్త ముందే వచ్చాయి. యాభై దాటాక, మా మహిళా సంఘం లీడరు పట్టుబట్టి నేర్పితే వచ్చాయి. అందుకని లైసెన్సు దగ్గర ఇబ్బంది పడలేదు. వచ్చిన చిక్కల్లా దారులతోనే. ఆయన వెళ్ళిన ఊళ్ళ పేర్లు పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాను గానీ, ఒక్కటీ చూడలేదు. ఇప్పుడు రైతులు ఫోనుకి లొకేషన్ పంపుతున్నారు. ఫోనేమో చిన్నది, అందులో అక్షరాలు నా కళ్ళకి చీమల్లా ఉంటాయి. అందుకని టాబ్ కొన్నాం.

మా మరిదికి ఇదంతా నచ్చలేదు. "వదినా, అత్తిలిలో ఒకాయన వ్యాను అడుగుతున్నాడు. అమ్మేసి సుఖంగా కూర్చోండి. మీరు నడపడం, అన్నయ్య దారి చెప్పడం. ఇద్దరూ కలిసి చెరువులో పడతారు" అనేవాడు.

"పడితే నువ్వొచ్చి వల వెయ్యి" అనేవారు మా ఆయన. నవ్వుతూ అన్నా, వ్యాను అమ్మే మాట వచ్చిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఆ బండిలో కూర్చుంటేనే ఆయనకి తను ఇంకా పనిలో ఉన్నట్టు. అది పోతే అరుగు మీద కూర్చోవడం తప్ప ఆయనకి ఇంకేమీ మిగలదు. నాకు ఆ భయమే ఎక్కువ.

టాబ్ పెట్టాక మొదటి లోడు పెదపాడు వైపు వచ్చింది. తారు రోడ్డు మీద ఉన్నంతసేపూ బాగానే ఉంది. మ్యాపులోని ఆడగొంతు కుడివైపు తిరగమంటే తిరిగాను, ఎడమవైపు అంటే ఎడమకి పోయాను.

"నేను చెబితే వినవు గానీ, అది చెబితే ఎంత బుద్ధిగా వింటున్నావో" అన్నారు మా ఆయన.

"మీరు విసుక్కుంటారండి. అది విసుక్కోదు."

గట్ల మీదికి వచ్చాక ఇంజన్ మోతలో ఆ గొంతు వినపడలేదు. ఇక టాబ్ వైపు చూడాల్సి వచ్చింది. చూస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. ఇంకాసేపు చూస్తే గానీ తేరలేదు. చదువు ముసలితనంలో వచ్చింది కాబట్టి చదవడం కూడా అలాగే నెమ్మదిగా సాగుతుందని సరిపెట్టుకుని, మళ్ళీ చూశాను.

"ఆపు" అన్నారు మా ఆయన.

ఆపాను. ఎడమ చక్రం కింద మట్టి జారుతున్న చప్పుడు ఆయనకి నాకంటే ముందు వినపడింది. తలుపు తీసి చూస్తే చక్రం సగం గట్టు అంచు దాటి ఉంది. పక్క చెరువులో పనివాళ్ళు వచ్చి, ట్రాక్టరు తెచ్చి, తాడు కట్టి లాగేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. కవర్లలో సగం పిల్ల తేలిపోయింది. రైతు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. మంచినీళ్ళు ఇచ్చి పంపించారు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి మా ఆయన అరుగు మీద కూర్చున్నారు. తర్వాత అన్నారు: "ఇంకొక్క లోడు ఇస్తానన్నారు ఆ రైతు. ఆయన మంచితనం. అదీ ఇలాగే అయితే బండి అత్తిలి ఆయనకి ఇచ్చేద్దాం. నిన్ను చెరువులో పడేసుకుని నేనేం చేసుకుంటాను?"

చక్రం జారిన కుదుపుకి స్టాండు కూడా ఒక పక్కకి వాలిపోయింది. దాన్ని బాగుచేయించడానికి ఏలూరు వెళ్ళాం. కాలవ గట్టు దగ్గర సీటు కవర్లు కుట్టి, రేడియోలు బిగించే షాపు ఒకటి ఉంది. ముస్లింల షాపు. మా వ్యాను కొన్నప్పుడు సీట్లు కుట్టింది ఆ షాపు పెద్దాయనే. ఆయన పోయాక కూతురు నడుపుతోంది. నలభై ఏళ్ళుంటాయి. తల మీద చున్నీ, చెవి వెనక పెన్సిలు. మేం వెళ్ళేసరికి ఒక కారు కింద పడుకుని వైరు లాగుతోంది. లేచొచ్చి, వ్యాను సీటు మీద చెయ్యి వేసి, "ఇది మా నాన్నగారి కుట్టండి. ఇంకా దారం వదల్లేదు" అంది.

స్టాండు బిగించమంటే బిగించేస్తుందనుకున్నాను. బిగించలేదు. ఎలా వాలిపోయిందని అడిగింది. జరిగింది చెప్పాను. నా చదువు సంగతి కూడా చెప్పాను, ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి ఆలస్యంగా చదువుతానని.

"ఒకసారి సీట్లో కూర్చోండి పిన్నిగారూ. నాకు చూపించడానికి కాదండి. రోజూ బండి నడిపేటప్పుడు ఎలా కూర్చుంటారో అలా."

కూర్చున్నాను. ఎదురు షాపు బోర్డు చదవమంది. చదివాను. స్వీట్ల అట్టపెట్టె మూత తెచ్చి, టాబ్ కొలతకి కత్తిరించి, దాని మీద పెన్సిలుతో నాలుగు ఊళ్ళ పేర్లు రాసింది. దాన్ని స్టాండు ఉన్న చోట పట్టుకుని చదవమంది. చదువుతుంటే నా గడ్డం కింద వేలు పెట్టింది.

"గడ్డం ఎందుకు ఎత్తారండి?"

"నేనెక్కడ ఎత్తాను?"

"ఎత్తారండి. బాబాయిగారూ, మీరు చెప్పండి, ఎత్తారా లేదా?"

"నన్నడుగుతావేంటమ్మా, నాకు కనపడదుగా" అన్నారు మా ఆయన.

"అయ్యో, అవును కదండీ. అయితే మీరు కాదనలేరు, నా పార్టీయే. ఎత్తారు."

ముగ్గురం నవ్వాం. అప్పుడు నా కళ్ళజోడు తీయించి, వెలుగుకి ఎత్తి చూసింది. పైన దూరం చూపు, కింద చదువుకునే చూపు ఉన్న అద్దాలవి. కింది ముక్క మీద గోరుతో తట్టి, "మీరు చదివేది ఇందులోంచండి. టాబేమో పైనుంది. అది చదవాలంటే తల వెనక్కి వంచి, ఈ కింది ముక్కని పైకి తేవాలి. అలా వంచినప్పుడు రోడ్డు కూడా ఈ ముక్కలోంచే కనపడుతుంది. మరి మసగ్గా ఉండదండీ? మీ చదువుకేం కాలేదు" అంది.

కళ్ళజోడు తీసుకుని పెట్టుకున్నాను. అన్నాళ్ళూ ఏ కాగితం ముందు తడబడినా నా చదువునే తిట్టుకున్నాను.

"స్పీడు మీటరు చూసేటప్పుడు తల దించుతారా?" అని అడిగింది.

"దించను. కళ్ళు దించుతాను, అంతే."

"అయితే ఇది కూడా అంత కిందే ఉండాలి."

డాష్‌బోర్డులో పాడైపోయిన రేడియో ఊడదీసింది. ఆ ఖాళీలో అట్టముక్కని పైకి, కిందికి, నా వైపుకి వంచుతూ, ప్రతిసారీ నా మొహం వైపే చూసింది. అట్టవైపు చూడలేదు. నా కళ్ళు మాత్రమే కదిలి, మెడ కదలని చోటు దొరికాక పెన్సిలు గీత పెట్టింది. ఆ తర్వాత ఆమె పనిచేస్తుంటే చూడటం నాకు సినిమా చూసినట్టే ఉంది. చెక్కతో చట్రం కోసింది. వెనక గాలి ఆడటానికి రంధ్రాలు పెట్టింది, మా వ్యానులో సీటు కిందే ఇంజను కాబట్టి టాబ్ వేడెక్కి ఆగిపోతుందట. చట్రానికి నల్ల రెక్సిన్ అంటించి, పైన చిన్న చూరులాగా వంచింది. ఎండ దాని మీద పడదు. ఎక్కడా ముడత లేదు. వేలితో రాస్తే అతుకు తగల్లేదు.

నా చేతులు చూసి, "పిల్ల కవర్లు ముట్టుకుంటే చేతులు తడిగా ఉంటాయి కదండీ? తడి వేలికి టాబ్ మాట వినదు" అని పక్కన ఒక కొక్కెం కొట్టి తువ్వాలు ముక్క తగిలించింది. చిన్న స్పీకరు తెచ్చి నా వైపు కాకుండా ఎడమ తలుపుకి, మా ఆయన మోకాలి దగ్గర పెట్టింది.

"అటెందుకమ్మా?" అన్నాను.

"దారి తెలిసింది బాబాయిగారికి కదండీ. అది చెప్పేది ఆయన వింటే, తప్పు చెప్పినప్పుడు దిద్దుతారు. మీరు రోడ్డు చూసుకోండి. ఇంకో సంగతండి. బండి కదులుతుంటే అక్షరాలు చదవద్దు. నీలం గీత ఎటు వంగిందో చూడండి, చాలు. చదవాలంటే ఆపి చదవండి."

"నాకు చదవడం నెమ్మది కదమ్మా."

"నేను టెన్త్ పాసయ్యానండి. కదిలే బండిలో నేనూ చదవను."

రెండో లోడు నాటికి నాకు భయం పోలేదు. శీలావతి, బొచ్చె, రెండు రకాల చేపపిల్లనీ కలిపి ఎక్కించారు. గట్ల మీదికి వచ్చాక, ఆ ఆడగొంతు మా ఆయన మోకాలి దగ్గర నుంచి నేరుగా పొమ్మంది.

"వద్దు. అది పాత గట్టు, అంచు గుల్ల. తూము దాటాక ఎడమకి తిరుగు" అన్నారు ఆయన.

నేను కళ్ళు దించాను. నీలం గీత నేరుగా ఉంది, దానికి ఎడమ పక్కన ఇంకో సన్న గీత కనపడింది. బండి ఆపి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూశాను. సన్న గీత కూడా రైతు చెరువు దగ్గరికే పోతోంది. మధ్యలో ఉన్న రేవు పేరు కూడబలుక్కుని పైకి చదివాను.

"అదే" అన్నారు. "పోనీ."

చెరువు దగ్గర దిగాక కవర్లని మూతి విప్పకుండా నీళ్ళ మీద తేలనిచ్చారు. లోపలి నీళ్ళూ చెరువు నీళ్ళూ ఒకే వేడికి రావాలి కదా. తర్వాత ఒక్కొక్కటే విప్పి వంచారు. నాకు చూడాలంటే భయమేసింది. మా ఆయన నా భుజం పట్టుకుని గట్టు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, విప్పుతున్న కవరు ముందు నీళ్ళలో చెయ్యి పెట్టారు. కాసేపు కదల్లేదు. పిల్ల ఆయన వేళ్ళ సందుల్లోంచి పోతోందని ఆయన మొహం చూస్తే తెలిసింది.

"ఎలా ఉందండీ పిల్ల?" అని పైనుంచి రైతు అడిగారు.

"హుషారుగా ఉందండి" అన్నారు మా ఆయన, చెయ్యి తీయకుండానే. తర్వాత నా వైపు తిరిగి, "కొల్లేటికోట రైతు ఒకాయన పిల్ల తెమ్మని మొన్న ఫోను చేశాడు. ఆలోచించి చెబుతానన్నాను. తెస్తామని చెప్పు" అన్నారు.