వంపులో వెలిగిన ఎర్ర లైటు

ఈ ఉదయం కాలేజీకి బయల్దేరే ముందు కారు బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆయిల్ చూసే గేజీని బయటికి లాగి పాతగుడ్డతో తుడిచాను. వేళ్ళకు ఆ వాసన అంటుకుంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. పోవాలని నాకూ లేదు. మెదక్ దాటీ దాటగానే, పాపన్నపేట దారిలో ఉండే రేకుల షెడ్డులో దుర్గయ్య మేస్త్రి దగ్గర ఎప్పుడూ ఇదే వాసన వచ్చేది. ట్రాక్టర్లు తప్ప ఇంకో బండి ముట్టనని భీష్మించుకున్న మనిషి ఆయన. జీవితం మొత్తంలో నా కారు ఒక్కదాన్నే ముట్టాడు. అది నా మీద జాలితో కాదు, ఇంత చదువుకున్న మనిషి ఇంజిన్ను ఇంత అందంగా ఎలా తగలబెట్టిందో చూద్దామనే కుతూహలంతో. పోయిన వానాకాలంలో ఆయన కాలం చేశాడు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అప్పట్లో నాకో పిచ్చి ఉండేది. ఊళ్ళకు దూరంగా రేసు ట్రాకులు ఉంటాయి. ఫీజు కడితే మన మామూలు కారునే తీసుకెళ్ళి, ఎదురుబండి భయం లేకుండా, ధైర్యమున్నంత వేగంగా నడుపుకోవచ్చు. ఒక పాత చిన్న కారు కొనుక్కుని వెళ్ళాను. అక్కడ కుడివైపుకి తిరిగే పొడవాటి వంపు ఒకటుంది. ఆ వంపులో ఉండగా ఆయిల్ ఒత్తిడి తగ్గిందని చెప్పే ఎర్ర లైటు మిణుకుమంది. వంపు దాటి తిన్నని దారిలోకి రాగానే ఆరిపోయింది. తర్వాతి చుట్టులోనూ అంతే. ఆగి గేజీ చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. ఇంకేముంది, ఏదో వైరు వదులైందని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని, ఇంజిన్ దగ్గర ఆ లైటు వైరు ఊడదీసి, కొసకు నల్లటేపు చుట్టాను. మధ్యాహ్నం అదే వంపులో ఇంజిన్ తిరగలిలా గరగరమని పట్టేసింది.

కారు లారీ మీద మెదక్ వచ్చింది. ఇంట్లో ఎవరూ తిట్టలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. ఈ ఒక్కసారికి బాగుచేయించుకో, మళ్ళీ పాడైతే కారు తుక్కుకి, నీ ట్రాకు అటకమీదికి అన్నారు నాన్న. ఆ షరతు నెత్తిన పెట్టుకునే దుర్గయ్య షెడ్డుకు వెళ్ళాను. ఆయన ఇంజిన్ విప్పి, లోపలి నుంచి అరచందమామలా ఉండే బేరింగు ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. నున్నగా మెరవాల్సింది కమిలి గీతలు పడి ఉంది.

"దీనికి నూనె అందలే మేడమ్. నూనె మస్తున్నది గని అందలే. ఎర్ర లైటు వెలిగిందా, చెప్పుండ్రి."

"లేదు, వెలుగలే" అన్నాను.

ఆయన ఇంజిన్ పక్కకు ఒకసారి చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "గట్లనా" అని చాయ్ తెప్పించాడు. ప్రాక్టికల్ రికార్డులో దొంగ రీడింగులు వేసిన పిల్లల్ని నిలబెట్టి కడిగేసే నేను, ఆ చాయ్ తాగుతూ తల ఎత్తలేకపోయాను.

రెండ్రోజుల తర్వాత, ఆదివారం, రమ్మని కబురు చేశాడు. వెళ్ళేసరికి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టిని ఊడదీసి ఉంచాడు. చాంబర్ అంటారు దాన్ని. అందులో సగానికి నల్లనూనె పోసి, ఇంజిన్ నూనెను పీల్చుకునే గొట్టాన్ని దాని చోట నిలబెట్టాడు. ఆ తొట్టిని ఒళ్ళో పెట్టుకుని తన పాత జీపులో నా పక్కన కూర్చున్నాడు. వడ్లు లేని కాలం కాబట్టి మార్కెట్ యార్డు సిమెంటు నేల ఖాళీగా ఉంది. అక్కడ జీపును గుండ్రంగా తిప్పమన్నాడు.

"జర జోరుగ తిప్పుండ్రి. పెండ్లి ఊరేగింపు అనుకున్నరా ఏంది?"

జోరుగానే తిప్పాను. నూనె అంతా తొట్టి గోడెక్కి, అక్కడి నుంచి ఆయన తెల్లచొక్కా మీదికి దూకింది. ఆయన మాత్రం చొక్కా సంగతి వదిలేసి తొట్టిలోకే చూస్తూ "ఆపకుండ్రి, ఆపకుండ్రి" అని కేకలేశాడు. నేనూ తొంగి చూశాను. గొట్టం మూతి నూనెలో లేదు. ఎండిన రేకు మీద నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"చూసిండ్రా? బాయి నిండ నీళ్ళున్నయి, బొక్కెన్ల చుక్క పడలే. వంపు అయిపోయేదాంక మీ ఇంజిన్ గాలి తాగింది."

వంపులో వస్తువు బయటివైపుకి ఎందుకు జరుగుతుందో ఏటా నూటయాభై మందికి బోర్డు మీద గీసి చెబుతాను. నా కారులో నూనె కూడా ఒక వస్తువేనని ఒక్కనాడూ తోచలేదు. జీపు ఆపాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "లైటు వెలిగింది మేస్త్రీ. నేనే వైరు పీకిన. మీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆయన మీసం మీది నూనె తుడుచుకుంటూ నవ్వాడు. "నాకెర్కే బిడ్డా. టేపు మంచిగ చుట్టినవ్. మా ట్రాక్టరోళ్ళయితే పుసుక్కున తెంపి పారేస్తరు." మేడమ్ పోయి బిడ్డ వచ్చింది ఆ క్షణంలోనే. ఇంకో మాట కూడా అన్నాడు. "వంపుల వెలిగి సాపుల ఆరిందంటే బాగైనట్టు గాదు. మళ్ళ వంపొస్తది." సాపంటే తిన్నని దారి. ఆ రోజు నుంచి ఆయన నాకు కాకా అయ్యాడు.

మందు కూడా ఆయనకు పొలంలోనే దొరికింది. "చేను మొత్తం ఒక్క మడి చేస్తే నీళ్ళు నిలుస్తయా? పల్లానికి ఉరుకుతయి. అందుకే నడుమ ఒడ్డు వెడ్తం" అంటూ తొట్టి లోపల, గొట్టం చుట్టూ, రేకు ముక్కలతో చిన్న మడి కట్టి వెల్డింగు చేశాడు. ఆ గోడలకు వేలెడంత తలుపులు పెట్టాడు. అవి లోపలికే తెరుచుకుంటాయి. నూనె గొట్టం దగ్గరికి రావచ్చు, వంపు వచ్చినప్పుడు పారిపోవడానికి మాత్రం వీల్లేదు. ఆ గోడలు లోపల తిరిగే భాగాలకు తగులుతాయేమోనని తన సద్దిలోని జొన్నరొట్టె ముద్ద చేసి గోడల అంచుల మీద అంటించాడు. కొత్త బేరింగులు వేసి, తొట్టి బిగించి, ఇంజిన్ను చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి చూశాడు. ముద్ద మీద గీత కూడా పడలేదు. సగం రొట్టె ఇంజిన్కు పోయిందని ఆ పూట నా డబ్బాలోని అన్నం పంచుకున్నాం. ఆయిల్ పై గీతకు కాస్త ఎక్కువే పోయాలని, అలాగని మరీ పోస్తే మజ్జిగ చిలికినట్టు నురుగవుతుందని, నురుగును పంపు లాగలేదని అన్నం తింటూనే చెప్పాడు. నాలుగు చుట్లు కాగానే ఆగి గేజీ చూసుకోమని ఒట్టు వేయించుకున్నాడు. చివర్లో నేను పీకిన వైరును తన చేత్తో కలిపి, కొత్త బల్బు పెట్టాడు.

ఇంజిన్ను గొలుసుతో ఎత్తి కారులో దించే రోజున, మధ్యలో ఆగి ఎడమ భుజం పట్టుకుని ట్రాక్టర్ టైరు మీద కూర్చున్నాడు. మొహమంతా చెమట. ఐదు నిమిషాలకు లేచి "గ్యాసు, పోయింది" అన్నాడు. నేను బోల్టులు అందిస్తూ సరేనన్నాను. ఆ "సరే" నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

ట్రాకుకు వెళ్ళాను. అదే కుడి వంపు. మొదటి చుట్టులో లైటు వెలగలేదు. రెండో చుట్టులోనూ, మూడో చుట్టులోనూ వెలగలేదు. ఆనందం నెత్తికెక్కి ఒట్టు గట్టునపెట్టి ఏడో చుట్టుకు వచ్చాను. అప్పుడు, రెప్పపాటు, ఎర్రగా మెరిసింది. ముందున్న కారును దాటబోతున్నాను. ఇంకొక్క వంపు చాలు. అయినా యాక్సిలరేటర్ మీది కాలు తీసేసి, మెల్లగా పక్కకు వచ్చి ఆగాను. గేజీ తీస్తే ఆయిల్ కింది గీత దగ్గరుంది. పోసుకున్నాను. ఇంజిన్ బతికింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి, ఒట్టు తప్పిన సంగతితో సహా అంతా చెప్పాను. "ఆగినవా? ముంగట బండి ఉండంగ ఆగినవా? ఇగ నీకు ఇంజిన్ ఇయ్యొచ్చు" అని పెద్దగా నవ్వుతూ, బానెట్ ఎత్తుదామని లేచాడు. రెండడుగులు వేశాడు. నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఆ భుజమే పట్టుకుని, ఆ టైరు మీదే కూర్చున్నాడు.

"ఎన్ని రోజులసంది కాకా?"

"బరువు లేపితె వస్తది, కూసుంటె పోతది. ఏం లేదు బిడ్డా. ఇగో, పోయింది."

"సాపుల ఆరిందంటే బాగైనట్టా?" అన్నాను.

ఆయన తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "షెట్టరు గుంజు" అన్నాడు.

మెదక్ దవాఖానలో చూసి వెంటనే హైదరాబాద్ తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సు వెనకాల నేనూ వాళ్ళావిడా నా కారులో వెళ్ళాం. గుండెకు వెళ్ళే రక్తనాళాల్లో రెండు దాదాపు మూసుకుపోయాయని, ఇంకో వారం ఊరుకుంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. రక్తం ఒంటినిండా ఉంది, గుండెకే అందడం లేదు. మూడో రోజు నేను చూడటానికి వెళితే, మంచం పక్కన కూర్చున్న భార్యకు నన్ను చూపించి, "నేను పీకేసుకున్న వైరు గీ బిడ్డ కలిపింది" అన్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మొదటిసారే అడగలేదన్న సిగ్గూ ఉంది ఆ ఏడుపులో.

ఆ తర్వాత ఆయన ఆరేళ్ళు బతికాడు. బరువులు ఎత్తడం మాని, కుర్చీలో కూర్చుని అందరినీ తిట్టేవాడు. నా ఇంజిన్ ఇంకా నడుస్తోంది.

ఈ రోజు క్లాసు అయ్యాక ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. రేగోడ్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. నిన్న కూడా ఇలాగే చూశాను. ఏమైందని అడిగితే నవ్వేసి, "ఏం లేదు మేడమ్, పోయింది" అంది. బెల్లు కొట్టారు, నాకు ఇంకో క్లాసుంది. పుస్తకాలు బల్ల మీద పెట్టేసి, ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. నా వేళ్ళు ఇంకా నూనె వాసన వేస్తున్నాయి.

"పోయిందే అనుకుందాం బిడ్డా" అన్నాను. "ఎప్పుడెప్పుడు వస్తుందో చెప్పు."