వెనకసీటు శివనాగరాజు

అమలాపురం ఎర్రవంతెన దగ్గర కార్ల ఏసీలు బాగుచేసే శివనాగరాజుకి ఒకటే పిచ్చి. కారు ఎవరిదైనా సరే, దాని రోగం వెనకసీటు మనిషి నోటంట వినాల్సిందే. ఓనరు చెప్పింది సగం వింటాడు. డ్రైవరు చెప్పింది అసలు వినడు. "ముందు కూర్చున్నోళ్ల మాట నమ్మకూడదండి. మొహాన గాలి కొడుతుంటే ఎవరికైనా లోకమంతా చల్లగానే ఉంటాది" అంటాడు.

వెనకసీటు మనిషి లేకుండా వెళితే బానెట్టు ఎత్తడు. ఒకాయన తన వెనకసీట్లో కొబ్బరికాయలు తప్ప మనుషులు ఎక్కరని మొత్తుకున్నాడు. "ఆయ్, అయితే కాయల్ని తీసుకురండి" అన్నాడు శివనాగరాజు. పెళ్లికాని కుర్రాడొకడు పక్కింటి పెద్దాయనకి పెసరట్టు పెట్టించి మరీ వెంటబెట్టుకొచ్చేడు. ఓడలరేవు చెరువుకి రొయ్యపిల్లల సంచులు వేసుకెళ్తున్న ఆసామి సంగతి ఇంకా చిత్రం. శివనాగరాజు ఆ సంచుల మధ్యన ఇరుక్కుని కూర్చుని, ఒక్కోదాని మీదా చెయ్యేసి చూసి, "వీటికి ఉక్కపోస్తోందండి" అని తేల్చేడు.

అలాంటివాడి దగ్గరికి రాజోలు నుంచి ఆనందరావు వచ్చేడు. కొబ్బరితోట ఉన్న మనిషి, కారుని కన్నకొడుకులా తుడుచుకుంటాడు.

"రిపేరేం లేదండి. ఏసీ బ్రహ్మాండంగా ఉందని మీరో మాట చెబితే చాలు. మా ఆవిడకి వినిపించాలి."

సంగతేమిటంటే, మర్నాడు జొన్నాడలో ఆనందరావు భార్య వీరవేణి చెల్లెలిగారి గృహప్రవేశం. అందరూ కార్లో వెళ్దామంటే వీరవేణి బస్సులో వస్తానంది. కారెక్కితే సగం దారిలో వాంతులు. పుట్టింటివాళ్ల గుమ్మంలో వడిలిన తోటకూరలా దిగుతుంది. ఆ సిగ్గుతో ఈ మధ్యన అటు వెళ్లడమే తగ్గించేసింది. మొగుడు కారులో దిగి, పెళ్లాం బస్సులో దిగితే నలుగురూ ఏమనుకుంటారని ఆనందరావు బాధ.

"మా ఆవిడకి కారు పడదండి. జన్మతః అంతే" అన్నాడు.

"వెనకాల కూర్చునేది ఆవిడేనా అండి?"

"ఆయ్. ముందుసీటు మా అమ్మది. మోకాళ్లు ముడవలేదు. ఏసీ ఎంత బాగుంటే ఆవిడ మే నెల్లో శాలువా కప్పుకుంటుందండీ?"

"అయితే మీ ఆవిణ్ణి తీసుకురండి."

"కారు గురించి ఆవిడకేం తెలుసండి?"

"అదే కనుక్కుందామండి."

ఆనందరావు తిట్టుకుంటూ రాజోలు వెళ్లి తీసుకొచ్చేడు. తీసుకొచ్చేడంటే, ఆయన కారులో వచ్చేడు, ఆవిడ వెనకాల బస్సులో వచ్చింది.

శివనాగరాజు వీరవేణికి స్టూలు వేసి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "చెప్పండక్కగారూ. వెనకాల ఎలా ఉంటాది?"

వీరవేణి మొగుడి వంక చూసింది. ఆ కారు గురించి ఆవిణ్ణి ఇన్నాళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు. కొనేటప్పుడు రంగు కూడా అడగలేదు.

"కాళ్ల దగ్గర పొయ్యి పెట్టినట్టుంటుందండి" అంది మెల్లిగా.

"పొయ్యేంటే? ముందు అమ్మ వణికిపోతుంటేను" అన్నాడు ఆనందరావు.

"మీరాగండి. కట్టెల పొయ్యా అండీ, గ్యాసు పొయ్యా?" అన్నాడు శివనాగరాజు.

"కట్టెలదేనండి. ఆరిపోయేక కూడా సెగ కొడుతుందే, అలాగ. పైగా ముక్కిపోయిన వాసన." ఒకసారి నోరు పెగిలేక ఆవిడ ఆగలేదు. ఏ మలుపులో వికారం మొదలవుతుందో, ఎక్కడ కళ్లు తిరుగుతాయో అన్నీ చెప్పింది. శివనాగరాజు మంచి కచేరీ వింటున్నవాడిలా తలూపుతూ విన్నాడు. తర్వాత లేచి తాళాలు అందుకున్నాడు.

"అంబాజీపేట దాకా వెళ్లొద్దాం రండి. అక్కగారు ముందు. ఆనందరావుగారూ, మీరు వెనకాల."

ఎర్రవంతెన దాటేదాకా వెనకనుంచి ఒకటే మాటలు. "చూసేరా? ఏం లేదు. హాయిగా ఉంది." బండారులంకలో చొక్కా పైగుండీ ఊడింది. ఇంకాస్త దూరం పోయేక కాళ్లు రెండూ సీటు మీదకి వచ్చేయి.

ముందు వీరవేణి మొహానికి చల్లగాలి తగులుతోంది. ఈ కారులో ఇంత సుఖం ఉందా అనుకుంది. అనుకున్నందుకు కాస్త సిగ్గుపడింది కూడా. అద్దంలో చూస్తే మొగుడి మొహం పచ్చి అరటికాయ రంగులో ఉంది. సంచిలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి, వెనక్కి తిరక్కుండానే అందించింది.

"కిందకి చూడకండి. దూరంగా చెట్ల తలల మీద కొబ్బరి మొవ్వులు చూడండి. ఈ ఉసిరిముక్క దవడన పెట్టుకోండి. మాట్లాడితే ఎక్కువవుతుంది, ఊరుకోండి."

ఆనందరావు బుద్ధిగా కొబ్బరి మొవ్వులు చూసేడు. ఇవన్నీ ఈవిడ ఎప్పుడు నేర్చుకుందా అని ఆలోచిస్తూ చూసేడు. చివరికి "ఆపండి" అని ఒక్క కేక వేసి, కాలవగట్టు మీదకి పరిగెత్తేడు.

తిరిగొచ్చేక శివనాగరాజు నీళ్ల సీసా చేతికిచ్చి, "జన్మతః అండీ?" అన్నాడు, ఎంతో జాలిగా.

షాపుకొచ్చి డాష్‌బోర్డు అర ఊడదీసి, శివనాగరాజు తిన్నగా లోపలికి చెయ్యి పెట్టి గుప్పెళ్లకొద్దీ కొబ్బరిపీచు లాగేడు. ఎలకగూడు. కాయలు పోసే షెడ్డులోనే కారు పెడితే ఎలకలకి అంతకన్నా మేడ ఎక్కడ దొరుకుతుంది? లోపల హీటరు గాలిని ఆపే చిన్న తలుపుకి పీచు అడ్డంపడి పూర్తిగా మూసుకోవడం లేదు. పైన గాలి చల్లగానే వస్తోంది. సీటు కింద గొట్టంలోంచి ఇంజను వేడంతా వెనకవాళ్ల కాళ్ల మీదకి పోతోంది.

ఆనందరావు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. వీరవేణి గొంతు తగ్గించి అడిగింది. "వెతక్కుండా అక్కడే చెయ్యి పెట్టేరు. ముందే తెలుసా అండీ?"

"మీరు పొయ్యి అనగానే తెలిసిపోయిందండి."

"మరి ఆ ఎండలో అంత దూరం ఎందుకు తిప్పేరండి?"

శివనాగరాజు కుళాయి వైపు చూసి నవ్వేడు. "ఎలకలు మళ్లీ వస్తాయండి. మళ్లీ వేడిగా ఉందని మీరు చెబుతారు. అప్పుడు వినాల్సింది నేను కాదు కదండీ."

మర్నాడు వీరవేణి కారే ఎక్కింది. ఊరు దాటకుండానే ఆనందరావు, "వెనకాల ఎలా ఉందే?" అన్నాడు. బాగుందండి అంది. కొత్తపేటలో "కాళ్ల దగ్గరో?" అన్నాడు. బాగుందండి అంది. రావులపాలెంలో "వాసనేమైనా?" అన్నాడు. జవాబు రాలేదు. హడలిపోయి బండి పక్కకి తీసేడు.

ముందుసీట్లోంచి తల్లి సూర్యావతి గసిరింది. "పోనియ్యరా నాయనా. పాపం, ఇప్పుడే పడుకుంది."